మంచుతెరలో విమానయానము

కోనసీమలో అమలాపురమునకు దక్షిణముగా, వైనతేయగోదావరి సముద్రమును చేరుచోట, ఓడలరేవను గ్రామము కలదు. ఊరిపేరు ఓడలది, నదిపేరు గరుత్మంతునిది. ఈ రెండు పేరులును ఒక్కచోట చేరుటచేతనే కాబోలు, మాఘమాసమున మేమచటికి పోయినపుడు, నీటిపై పోవువారిని గూర్చియు నింగిపై పోవువారిని గూర్చియు ఒకే ఆలోచన మమ్ము వదలకుండెను.

తెల్లవారుజామున తీరమునకు వెడలితిమి. మంచు మిక్కిలి దట్టముగా నుండెను. చేరువనున్న సరుగుడుతోట నల్లని గోడవలె మాత్రమే తోచుచుండెను. సముద్రము కానరాలేదు, దాని ఘోష మాత్రము వినవచ్చుచుండెను. పడవలన్నియు ఇసుకమీదనే యున్నవి. ఖాళీబుట్టను ప్రక్కనబెట్టుకొని కూర్చుండిన యొక మత్స్యకారుల యిల్లాలిని, "పడవలింకను పోలేదేమమ్మా?" అని యడిగితిమి. ఆమె మా యజ్ఞానమునకు నవ్వి, "మంచు ఇడిందాకా తియ్యరండి. ఎదర పడవుందో లేదో తెలవద్దా అండీ? ఇయ్యాల ఎనక్కి తగ్గినోడు రేపు ఏటకెళ్తాడండి" అనెను.

ఆ మాట వినినపుడు మాకు పడవలకంటె ముందుగా విమానములే స్ఫురించినవి. అది వింతయని మా సోదరీమణులు తలపవచ్చును. కాని ఓడలరేవు నేడు కేవలము చేపలరేవు కాదు. సముద్రగర్భమునుండి గొట్టములగుండ వచ్చు సహజవాయువును అందుకొను ఓ.ఎన్.జి.సి. వారి తీరకేంద్రమిచట కలదు. కడలినడుమ చమురువేదికలపై పనిచేయువారికి హెలికాప్టరే జట్కాబండి. ముంబాయి తీరమున అట్టి ప్రయాణమొకటి 2018వ సంవత్సరము జనవరిలో ఏడుగురిని బలిగొన్నది. 2022 జూనులో మఱియొకటి సముద్రములో దిగగా నలుగురు మరణించిరి. ఇక బ్రతుకుతెరువునకై గల్ఫుదేశములకు విమానమెక్కి పోవు స్త్రీలు కోనసీమ పల్లెలలో ఎందఱో కలరు. కనుక విమానముల క్షేమము ధనికుల ముచ్చట కాదు. పూరియింటి యిల్లాలికిని అది సొంతసంగతియే.

అంతకుమించి కోనసీమకు ఈ విషయమున మానని గాయమొకటి యున్నది. అది 2002వ సంవత్సరము మార్చి 3వ తేది, ఆదివారమునాడు తగిలినది.

గంటి మోహనచంద్ర బాలయోగిగారు 1951లో గౌతమీతీరమునగల యెదుర్లంక గ్రామమున జన్మించిరి. 1987లో తూర్పుగోదావరి జిల్లాపరిషత్తునకు అధ్యక్షులైరి. 1991లో అమలాపురమునుండి లోకసభకు ఎన్నికైరి. 1998 మార్చిలో లోకసభాపతి యాసనము నధిష్ఠించిరి. దళితులలో ఆ పీఠమెక్కిన మొదటివారు వారే. ఇరువైపుల నుండియు కేకలు మిన్నుముట్టు ఆ సభను చిఱునవ్వుతో నడపిన తీరును మన యిండ్లలో వృద్ధస్త్రీలు సైతము దూరదర్శనమున చూచి, "మనవాడు" అని మురిసిపోయెడివారు. 1999లో మఱల వారినే సభాపతిగా నెన్నుకొనిరి.

ఆ ఆదివారము ఉదయమున వారు భీమవరమునుండి హైదరాబాదునకు బయలుదేరిరి. ప్రయాణము బెల్ 206 అను చిన్న హెలికాప్టరులో. భీమవరమునకు పడమటగా కొల్లేటిప్రాంతమున కైకలూరు చుట్టుప్రక్కల భూమి యెట్లుండునో ఆ మార్గమున రైలులో పోయినవారెఱుగుదురు. ఎటుజూచినను చేపలచెఱువులు, నడుమ సన్నని గట్లు, గట్లమీద కొబ్బరిచెట్లు. ఉదయపు మసకలో చెఱువునీరును ఆకాశమును ఒకే వన్నెగా నుండును. కదలిక లేని నీటిపై ఎగురునపుడు అది ఎంత లోతున నున్నదో కంటికి అంచనా దొరకదనుట విమానచోదకు లందఱును మొదట నేర్చుకొను పాఠములలో నొకటి. ముందుచూపు ఆనని ఆ వేళ హెలికాప్టరు చాల తక్కువయెత్తునకు దిగెను. కొబ్బరిచెట్టు తగిలి చేపలచెఱువులో కూలెను. సభాపతియు, చోదకుడును, అంగరక్షకుడును మరణించిరి. బాలయోగిగారికి అప్పటికి ఏబదియేండ్లు.

దేశమునకు సభాపతి పోయెను; ఒక యింట భర్తయు తండ్రియు పోయెను. ఆ సంవత్సరమే జరిగిన ఉపయెన్నికలో వారి సతీమణి విజయకుమారిగారు అమలాపురమునుండి లోకసభకు ఎన్నికైరి. దుఃఖము చల్లారకమునుపే ఎన్నికల సభలయందు నిలువవలసివచ్చిన ఆ యిల్లాలి మనసెట్లుండెనో, పత్రికలలో పడిన ఫోటోలు చెప్పజాలవు. యానాము, యెదుర్లంకల నడుమ గౌతమిపై నిర్మితమైన వంతెనకు నేడు బాలయోగిగారి పేరే యున్నది. దానిమీదుగా పోవునపుడెల్ల మాకు ఆ కైకలూరి చెఱువు జ్ఞప్తికి వచ్చుచుండును.

మంచులోను మబ్బులోను చోదకునికి నిజముగా కలుగు నాపద యేమి? కన్నులు కానకుండుట మాత్రమే యని మనమనుకొందుము. అది సగమే. రెండవసగము మన చెవిలోనే యున్నది. శరీరము నిలువుగా నున్నదో, ఒరిగియున్నదో తెలుపు చిన్నగొట్టములు లోపలిచెవిలో కలవు. వానియందలి ద్రవము కదలుటచేత మనకు తిరుగుట, ఒరుగుట తెలియును. కాని ఒక వంపు మెల్లగా, ఎడతెగక సాగినచో ఆ ద్రవము నిలుకడబడి, శరీరము తిన్నగానే యున్నదని మనస్సునకు అబద్ధము చెప్పును. బాల్యమున గిరగిర తిరిగి చటుక్కున ఆగినపుడు లోకమే తిరుగుచున్నట్లు తోచలేదా? ఆ చెవియే యిదియు. నేలగీటు కంటికి కనబడినంతసేపు కన్ను చెవిని దిద్దును. మంచులో దిద్దువారు లేరు.

దీనిని 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు పరీక్షించి చూచిరి. సాధనములను చూచి ఎగురుటయందు తర్ఫీదు లేని ఇరువదిమందిని, బయటిదృశ్యము కనబడని స్థితిలో విమానమును నడపనిచ్చిరి. ప్రక్కనే ఆరితేరిన గురువుండెను గనుక ప్రాణభయము లేదు. ఇరువదిమందిలో ఒక్కడైనను విమానమును అదుపులో నిలుపుకొనలేకపోయెను. అదుపు తప్పుటకు పట్టిన కాలము సగటున 178 సెకనులు. పొయ్యిమీద పాలు పొంగుటకైనను అంతకంటె ఎక్కువసేపు పట్టును. కాని మాకు మిక్కిలి నచ్చిన సంగతి వేఱొకటి కలదు. ఆ పరీక్ష చేసినది వారి లోపమును బయటపెట్టుటకు కాదు. మబ్బులో చిక్కినవాడు నెమ్మదిగా విమానమును వెనుకకు మరల్చి, వచ్చినదారినే బయటపడు నుపాయమును నేర్పుటకు. ఓడలరేవు ఇల్లాలు చెప్పినదియు అదే కదా!

తెలుగునాట ఈ విధమైన దుఃఖము 2009లో మఱల కలిగినది. సెప్టెంబరు 2వ తేదీ ఉదయమున ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరుజిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు, ఉఱుముమేఘములు క్రమ్మిన నల్లమలపై సంబంధము తెగిపోయి, మఱునాటి ఉదయమున గాని జాడ దొరకలేదు. అందున్న ఐదుగురును మరణించిరి. ఆనాటి రాత్రి రాష్ట్రమున నిదురపోయిన యిల్లు లేదనవచ్చును.

ఇంతవఱకు చెప్పినవి ఒంటరి విమానమునకును నేలకును సంబంధించినవి. అదే మంచులో ఎదురుగా మఱియొక విమానము కూడ నున్నచో?

ప్రయాణికుల విమానములు రెండు ఆకాశమున ఢీకొనుట మొట్టమొదట జరిగినది 1922 ఏప్రిలు 7వ తేదీన, ఫ్రాన్సుదేశమున పారిసు నగరమునకు ఉత్తరముగానున్న పికార్డీ ప్రాంతమున. ఒకటి లండనునుండి టపా మోసికొని పారిసునకు వచ్చుచుండెను. అందు చోదకుడు, పరిచారకుడగు ఒక కుఱ్ఱవాడు మాత్రముండిరి. రెండవది పారిసునుండి లండనునకు పోవుచుండెను. అందు చోదకుడు, యంత్రకారుడు, ముగ్గురు ప్రయాణికులు. ఆ ముగ్గురిలో ఇద్దరు క్రొత్తగా పెండ్లియై విహారమునకు వచ్చిన అమెరికాదంపతులు. ఆనాడు సన్నని జల్లును మంచును. నేల కనబడవలెనని ఇద్దరు చోదకులును సుమారు 150 మీటర్ల యెత్తునకు దిగిరి. ఆ దినములలో దారికి గుఱుతు క్రిందనున్న రోడ్లును రైలుపట్టాలును. అందఱును వానినే పట్టుకొని పోయెడివారు. అందుచేత ఆకాశమంతయు ఖాళీగానుండగా ఎదురెదురువారిద్దరు ఒకే గీటుమీదికి వచ్చిరి. మంచులో ఒకరినొకరు చూచునప్పటికి తప్పించుకొను వ్యవధి లేదు. ఏడుగురును మరణించిరి.

పిమ్మట విమానసంస్థలవారు లండను చెంతనున్న క్రాయిడనులో సమావేశమై, ఎదురుపడినపుడు ఎవరికివారు కుడివైపునకు తొలగవలెననియు, చోదకునికి ముందువైపు చక్కగా కనబడునట్లు విమానములను కట్టవలెననియు తీర్మానించుకొనిరి. నిర్ణీతమైన ఆకాశమార్గములును ఏర్పడినవి. కుడివైపునకు తొలగుట ఓడలవారికి పూర్వమునుండి గల నియమమే. రేవునుండి నింగికెక్కిన మర్యాద యది.

కాని విమానములు పెద్దవై, వేగము పెరిగిన కొలది కన్నుమీద నాధారపడుట చెల్లదాయెను. ఎదురెదురుగా వచ్చు రెండు జెట్టు విమానములు దాదాపు నాలుగు సెకనులకు ఒక మైలువంతున దగ్గఱగును. ఎదురువాడు కంటికి చుక్కవలె కనబడునప్పటికే కాలము ముగియును. అందుచేత మార్గములే కాక మెట్లు కూడ నేర్పఱచిరి. తూర్పుదెసకు పోవునవి బేసిసంఖ్యల వేల అడుగులందును, పడమటిదెసకు పోవునవి సరిసంఖ్యల వేల అడుగులందును పోవలయును. ఇఱుకుమెట్లమీద ఎక్కువారికొక ప్రక్క, దిగువారికొక ప్రక్క విడిచినట్టిదే యిది. అయితే బయలుదేరునపుడును దిగునపుడును అందఱును ఈ మెట్లను దాటవలసినవారే; ఒకరు ఎక్కుచుండగా ఒకరు దిగుచుందురు. ముప్పెల్ల అచట నున్నది.

మనదేశమున ఆ ముప్పు 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము 6 గంటల 40 నిమిషములకు సంభవించినది. ఢిల్లీనుండి సౌదీఅరేబియాకు పోవు బోయింగు 747 పైకెక్కుచుండెను. కజకస్థాను దేశపు ఇల్యూషిన్ 76 ఢిల్లీకి దిగుచుండెను. సౌదీవిమానమును 14,000 అడుగులవద్ద నిలువుమనిరి. కజకు విమానమును 15,000 అడుగులవద్ద నిలువుమనిరి. నడుమ వేయి అడుగుల యెడము. ఎదురుగా సౌదీవిమానము వచ్చుచున్నదని నియంత్రణాధికారి కజకువారికి చెప్పియేయుండెను. అయినను ఆ విమానము 15,000 అడుగులవద్ద ఆగక క్రిందికి జాఱినది. చీకటిపడిన వేళ, మబ్బు, ఎవరికెవరు కానరారు. హర్యానాలోని చర్ఖీదాద్రీ పొలములపై రెండును తాకినవి. సౌదీవిమానమున 312 మంది, కజకు విమానమున 37 మంది. మొత్తము 349 మందిలో ఒక్కరును మిగులలేదు. ఆకాశమున విమానములు ఢీకొనిన ప్రమాదములలో ఇంతటి ప్రాణనష్టము లోకమున మఱెచటను లేదు. సౌదీవిమానమునందలివారిలో పెక్కురు కూలికిని కొలువునకును పోవు భారతీయులు. మన పల్లెలనుండి దుబాయికిని కువైటునకును పోవు ఆడవారివలెనే వారును అప్పుతెచ్చి టిక్కెట్టుకొని, పిల్లలను ముసలివారి కప్పగించి బయలుదేరినవారే యైయుందురు.

న్యాయమూర్తి లాహోటీగారి విచారణసంఘము ఈ ప్రమాదమును పరిశీలించినది. కజకు విమానము తన కేర్పఱచిన ఎత్తును మీఱి దిగుటయే మూలకారణమని తేలినది. ఆ దేశపువారు ఎత్తును మీటర్లలో లెక్కించువారు. మనవారి ఆజ్ఞలు అడుగులలో నుండును. నియంత్రణాధికారి యింగ్లీషుమాటలు వినువాడు రేడియోపనివాడు; విమానమును నడపువాడు వేఱొకడు. ఒకరు విని ఒకరికి చెప్పులోపల అర్థము తాఱుమాఱగుట మన యిండ్లలో నిత్యము చూచుచున్నదే. ఇంట అది కూరలో ఉప్పు చెడగొట్టును, అచట ప్రాణములు తీసినది. మన లోపములును లేకపోలేదు. ఢిల్లీలో వచ్చువారికిని పోవువారికిని ఒకే దారి యుండెను. ఆనాటి రాడారు విమానమున్న చోటును చూపగలదేగాని, ఎత్తును చూపజాలదు. చోదకుడు చెప్పినదే ఎత్తు.

ఆ తరువాత వచ్చువారికి, పోవువారికి వేఱువేఱు దారులు విడిచిరి. ఎత్తును కూడ చూపు రాడారు వచ్చినది. విమానములే ఒకదానితో నొకటి పలుకరించుకొను యంత్రమును పెద్దవిమానములన్నిటను తప్పనిసరి చేసిరి. ఆ యంత్రము ఎడతెగక "ఎవరక్కడ, ఎంత యెత్తున?" అని పిలుచుచుండును, చేరువలోని విమానము బదులు చెప్పును. ఎడము మిక్కిలి తగ్గినచో ఒకదానిని ఎక్కుమనియు, రెండవదానిని దిగుమనియు తానే గొంతెత్తి చెప్పును. దీనిని పాటింపకపోయినను ముప్పే. బాలయోగిగారు మరణించిన సంవత్సరముననే, 2002 జూలై 1వ తేదీ రాత్రి, జర్మనీలోని ఊబర్లింగెను వద్ద రెండు విమానములు ఢీకొని 71 మంది పోయిరి; వారిలో పెక్కురు రష్యాదేశపు బడిపిల్లలు. ఒక విమానము ఎక్కుమని చెప్పిన యంత్రమును విడిచి, దిగుమనిన నేలమీది అధికారి మాట వినినది. రెండవది యంత్రము చెప్పినట్లే దిగినది. అప్పటినుండి యంత్రము మాటయే వినవలయునని నియమము కట్టుదిట్టము చేసిరి.

ఇవన్నియు పెద్దవిమానములకు చెల్లును. చిన్నవిమానములును హెలికాప్టరులును తఱచు చూపునే నమ్ముకొని తక్కువయెత్తున పోవును. అచటనే కొండలు, తీగెలు, కొబ్బరిచెట్లు. చూపునుబట్టి ఎగురువారికి సామాన్యముగా 5 కిలోమీటర్ల దూరము కనబడవలయునని విధి కలదు. హెలికాప్టరులకు కొన్నియెడల సడలింపు కూడ నిచ్చుచుందురు. విధి యున్నది గాని, వెనుక కూర్చుండినవాడు పెద్దవాడైనపుడు, అచట సభ సిద్ధముగా నున్నపుడు, "ఈ పూట పోజాలము" అను మాట చోదకుని నోట రావలెనన్న ఎంత ధైర్యము కావలయునో యోచింపుడు. ఏ యొక ప్రమాదమునందైనను చోదకుని మనసులో నేమున్నదో మేము చెప్పబోము. తొందరపెట్టు ప్రయాణికుని సంగతి మాత్రము మాకు బాగుగా తెలియును, ఏలయన మేమే అట్టివారము.

కొలది సంవత్సరముల క్రిందట, పుష్యమాసపు ఉదయమున, ఒక విమానాశ్రయమున మూడుగంటలు కూర్చుండవలసివచ్చినది. మా చెల్లెలి కుమార్తె పెండ్లి, ముహూర్తము పగటిపూట. కిటికీ వెలుపల తెల్లని మంచు తప్ప మఱేమియు లేదు. మేము లేచి పోయి, బల్లవద్దనున్న చిన్నదానిని, "రైలులో నైనచో ఈపాటికి చేరియుందుము, ఇందుకా ఇంత సొమ్ము పుచ్చుకొనుట?" అని గట్టిగనే అడిగితిమి. ఆ పిల్ల కనులు దించుకొని, "మంచు తగ్గగానే పంపుతారు, ఆంటీ" అనెను. మా వెనుక మఱి నలుగురు అవే మాటలతో సిద్ధముగా నుండిరి. ముహూర్తము తప్పినది, తలంబ్రాలు చూడలేకపోతిమి, భోజనములవేళకు చేరితిమి. చెల్లెలు రెండునెలలు ముభావముగా నుండెను. ఆ పిల్లకు మాత్రము మేమింతవఱకు క్షమాపణ చెప్పుకొనలేదు. మఱల కనబడినచో గుఱుతుపట్టజాలము కూడ.

ఓడలరేవులో ఆ ఉదయము ఎనిమిదిన్నరకు మంచు పలుచనై, మొదట సరుగుడుకొమ్మలును, పిదప నదీముఖమును, తుదకు సముద్రపు గీటును కనబడినవి. పడవల నొక్కటొక్కటిగా నీటిలోనికి త్రోసిరి. రెండు పడవలు మాత్రము కదలలేదు; వారికేదో వలపని మిగిలినదట. మాతో మాటలాడిన యిల్లాలు బుట్టనెత్తుకొని లేచి, "మీరెల్లే బస్సు కూడా ఇప్పుడే తీత్తారండి, బేగెల్లండి" అని మమ్ము హెచ్చరించి, వెనుదిరిగి చూడక నీటియొడ్డునకు సాగిపోయెను.